ఖమీర్ నుంచి ఇన్సులిన్ వరకు

పాలకు తోడు వేసి రాత్రి మూత పెడితే పొద్దున్నకి పెరుగవుతుంది. నాన్‌కి కలిపిన పిండిలో ఖమీర్ వేసి పక్కన పెడితే పొంగుతుంది. రెండు చోట్లా పని చేసేది కంటికి కనిపించని జీవులే. పెరుగులో బాక్టీరియా, ఖమీర్‌లో ఈస్ట్ అనే శిలీంధ్రం. బయోటెక్నాలజీ పాఠాన్ని మేము ఎప్పుడూ ఇక్కడి నుంచే మొదలుపెడతాం.

ఒకసారి ఈ పాఠం మధ్యలో ఒక కుర్రాడు లేచి, "సార్, ఇన్సులిన్ పందితో చేస్తారట కదా? మా దాదీ అందుకే సూది మానేసింది" అన్నాడు. ఆ రోజు చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త విడమరచి రాస్తున్నాం.

ఆమె విన్నది పుకారు కాదు, పాతబడిన నిజం. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీశారు. ఆ తర్వాత దాదాపు ఆరు దశాబ్దాలు దాన్ని కబేళాల నుంచి తెచ్చిన పశువుల, పందుల క్లోమగ్రంథుల నుంచే తీసేవారు. పావుకిలో కూడా నిండని ఇన్సులిన్‌కు రెండు టన్నులకు పైగా గ్రంథులు కావలసి వచ్చేవి. మనిషి ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. పందిదానిలో ఒక్కటే తేడా, ఆవుదానిలో మూడు. ఆ కొద్ది తేడాకే కొందరి ఒంటికి పడేది కాదు.

1978లో అమెరికాలోని జెనెన్‌టెక్, సిటీ ఆఫ్ హోప్ సంస్థల శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. ఏ పదార్థం ఎలా తయారు చేయాలో కణానికి చెప్పే రాత జన్యువు. ఆ రాత లిపి మనిషికీ బాక్టీరియాకూ ఒకటే. ఈ పాఠమంతటిలో మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. ఇ.కోలై అనే బాక్టీరియాలో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం ఉంటుంది. దాన్ని ఒక ఎంజైముతో కత్తిరించి, మనిషి ఇన్సులిన్ జన్యువును మధ్యలో పెట్టి, మరో ఎంజైముతో అతికించి, తిరిగి బాక్టీరియాలోకి పంపారు. అది ఆ రాతను చదివి మనిషి ఇన్సులిన్‌ను తయారు చేసింది. అనువైన చోట ఈ బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒక్కటి ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. పెద్ద పెద్ద స్టీలు తొట్లలో వీటిని పెంచి, ఇన్సులిన్‌ను వేరుచేసి శుద్ధి చేస్తారు. సీసాలో బాక్టీరియా ఉండదు. 1982లో ఈ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత మరో కంపెనీ ఇదే పని ఈస్ట్‌తో చేయించింది. బేకరీలో రొట్టెను పొంగించే జాతి ఈస్టే అది!

హెపటైటిస్-బి టీకా కథ కూడా ఇలాంటిదే. మొదట్లో దాన్ని వ్యాధి సోకినవారి రక్తం నుంచి తీసేవారు, తర్వాత ఈస్ట్ ఆ పని అందుకుంది. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ పద్ధతిలో టీకాను తెచ్చాక, విదేశీ టీకా కొనలేని ఇళ్లకూ అది అందింది. ఆ సంస్థకు తొలినాళ్లలో పెట్టుబడి ఒమన్ దేశం నుంచి వచ్చిందని చాలామందికి తెలియదు.

మళ్లీ దాదీ దగ్గరికి వద్దాం. ధార్మిక తీర్పు చెప్పడం ఆలిమ్‌ల పని, మాది కాదు. మందు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడం మాత్రం మా పనే. ఇంట్లో ఉన్న మందు పెట్టె తెమ్మన్నాం, మర్నాడు తెచ్చాడు. దాని మీద 'హ్యూమన్ ఇన్సులిన్', పక్కన 'ఆర్-డీఎన్ఏ' అని ఉంది. సూక్ష్మజీవితో చేయించినదని దాని అర్థం. పందిదైతే 'పోర్సిన్' అని రాసేవారు. క్లాసులో అందరి చేతా చదివించి, దాదీకీ చదివి వినిపించమన్నాం. మానేసిన సూదిని సొంతంగా మొదలుపెట్టవద్దని, ముందు డాక్టరుకు చూపించమని కూడా చెప్పాం.

ఇన్సులిన్ కొని ఇచ్చే దాతలకు ఒక మాట. ఇది ప్రోటీన్, వేడికి గుడ్డు తెల్లసొన మారినట్టే పాడవుతుంది. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఫ్రిజ్ లేని ఇంటికి సీసాతో పాటు ఒక మట్టికుండ కూడా ఇవ్వండి. నీళ్లతో తడుపుతూ నీడలో ఉంచిన కుండలో, తడి తగలకుండా డబ్బాలో పెట్టి దాచితే ఎండాకాలంలోనూ మందు బయటికన్నా చల్లగా ఉంటుంది.