నాలుక కింద మాత్ర

వరి కోతల రోజులు. పెద్దాయన మోపు ఎత్తుకుని గట్టెక్కాడు. నాలుగడుగులు వేశాడో లేదో, గుండె మీద బండ పెట్టినట్టయింది. నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. మోపు దించాడు. జేబులోంచి మాత్ర తీశాడు. మింగుదామని నీళ్ల చెంబు అందుకున్నాడు.

"మింగొద్దు మావయ్యా! నాలుక కింద పెట్టుకోండి. ముందు కూర్చోండి" అని కోడలు కేకేసింది. డాక్టరమ్మ చెప్పిన మాటలు ఆమె కాగితం మీద రాసి గోడకు అంటించింది. రోజూ చదివేది.

గుండె కూడా కండే. దానికీ రక్తం కావాలి. రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. బరువు మోస్తే గుండెకు పని పెరుగుతుంది. రక్తం మాత్రం చాలదు. అందుకే ఆ నొప్పి.

ఆ మాత్ర పేరు సార్బిట్రేట్. అది రక్తనాళాల గోడల్లోని కండను సడలిస్తుంది. నాళాలు వెడల్పవుతాయి. కొంత రక్తం కాళ్లలో, పొట్టలో నిలుస్తుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. గుండె పని తేలికవుతుంది. నిలబడి వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. కూర్చోమన్నది అందుకే.

మింగితే మందు ముందు కాలేయానికి పోతుంది. అక్కడ చాలా భాగం పాడైపోతుంది. నాలుక కింద కరిగితే నేరుగా రక్తంలో కలుస్తుంది.

కాసేపటికి నొప్పి తగ్గింది. "తల పగిలిపోతోందే అమ్మాయ్" అన్నాడు పెద్దాయన. మందు తలలోని నాళాలనూ వెడల్పు చేస్తుంది మరి!

ఈ మందుకు అక్కలాంటిది నైట్రోగ్లిజరిన్. బండలు పేల్చే డైనమైట్‌లో ఉండేది అదే. ఆ ఫ్యాక్టరీల్లో పనివాళ్లకు సోమవారం తలనొప్పి వచ్చేది. వారం గడిచేకొద్దీ తగ్గేది. ఒంటికి మందు అలవాటైపోయేది. సెలవు రోజున ఆ అలవాటు పోయేది. 1879లో విలియం ముర్రెల్ అనే ఇంగ్లండు డాక్టరు దాన్నే గుండె నొప్పికి మందుగా చూపించాడు. డైనమైట్ కనిపెట్టిన నోబెల్‌కు కూడా చివరి రోజుల్లో డాక్టర్లు అదే రాశారు!

ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే అది గుండెపోటు కావచ్చు. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. మగవారు వాడే వయాగ్రా వంటి మాత్రలు వేసుకున్నవారు ఈ మాత్ర వేసుకోకూడదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ సంగతి డాక్టరు దగ్గర సిగ్గుపడి దాచకూడదు.

పెద్దాయన భార్యకు బీపీ. ఆమె మాత్ర ఆమ్లోడిపిన్. అదీ నాళాలను సడలించేదే, కానీ నిదానంగా. రోజూ ఒకటి మింగాలి. కొందరికి పాదాలు వాస్తాయి. అప్పుడు డాక్టరుకు చెప్పాలి గానీ సొంతంగా మానేయకూడదు.

"నా మాత్ర కూడా నాలుక కింద పెట్టుకోనా?" అని అత్త అడిగింది.

"వద్దత్తయ్యా" అంది కోడలు. ఒకప్పుడు బీపీ బాగా పెరిగితే నిఫెడిపిన్ అనే మందును అలాగే నాలుక కింద వేసేవారు. బీపీ ఒక్కసారిగా పడిపోయి కొందరికి గుండెపోటు, పక్షవాతం వచ్చాయి. తర్వాత ఆ పద్ధతి వద్దన్నారు.

కోడలు ఆ మాట కూడా గోడ మీది కాగితంలో రాసింది.