రంగు గుళిక – రేపటి మార్కర్

పెయింట్‌బాల్ అనే ఆట గురించి మీలో కొందరు వినే ఉంటారు. మన పెద్ద నగరాల్లో కూడా ఇప్పుడు దీన్ని ఆడుతున్నారు. రెండు జట్లవాళ్లు చెట్లచాటునా గోడలచాటునా దాక్కొని, ఒకరిమీద ఒకరు రంగు గుళికలు వదులుతారు. గుళిక తగిలి పగిలి, ఒంటికి రంగు అంటితే ఆ ఆటగాడు బయటికి వెళ్లిపోవాలి. ఈ గుళికలను వదిలే సాధనాన్ని మార్కర్ అంటారు. దానికి ఆ పేరు ఎందుకు వచ్చింది? రేపటి మార్కర్ ఎలా ఉంటే బాగుంటుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుదాం.

చెట్లకు గుర్తు పెట్టే సాధనం

మార్కర్ అంటే గుర్తు పెట్టేది. 1970ల తొలినాళ్లలో అమెరికాలో దీన్ని ఆటకోసం తయారు చేయలేదు. అడవిలో నరకవలసిన చెట్లకూ, మందలో వేరు చేయవలసిన పశువులకూ దూరం నుంచే రంగు గుర్తు పెట్టాలి. అందుకోసం నెల్సన్ అనే రంగుల కంపెనీకి డైసీ అనే గాలితుపాకుల కంపెనీ దీన్ని తయారు చేసి ఇచ్చింది. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్‌లో 12 మంది ఈ సాధనాలు పట్టుకొని అడవిలో తొలి ఆట ఆడారు. అడవి పనిలో ఆరితేరిన ఒకాయన చడీచప్పుడూ లేకుండా జెండాలు సేకరించి, ఒక్క గుళికైనా వదలకుండానే గెలిచాడు!

ఎలా పనిచేస్తుంది?

గుళిక వ్యాసం సుమారు 17.3 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 3 గ్రాములు. పైపొర జెలటిన్. మందుల గొట్టాలకు వాడేది కూడా ఇదే. లోపల పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో రంగు కలిపి ఉంటుంది. నీటితో కడిగితే ఆ రంగు పోతుంది.

మీట నొక్కగానే కవాటం క్షణకాలం తెరుచుకుంటుంది. సిలిండర్‌లోని వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి, గుళికను గొట్టంలోంచి బయటికి నెడుతుంది. మొదట్లో ఇందుకు కార్బన్ డయాక్సైడ్ వాడేవారు. అది సిలిండర్‌లో ద్రవరూపంలో ఉంటుంది. దానితో ఒక చిక్కు ఉంది. ఉష్ణోగ్రత 0 డిగ్రీలున్నప్పుడు దాని పీడనం వాతావరణ పీడనానికి 35 రెట్లు ఉంటే, 20 డిగ్రీల దగ్గర సుమారు 57 రెట్లవుతుంది. అంటే ఎండ ఎక్కేకొద్దీ గుళిక వేగం మారిపోతుంది! అందుకే ఇప్పుడు చాలామంది సంపీడిత గాలి వాడుతున్నారు. మన వంటగ్యాస్ సిలిండర్‌మీద ఉండేలాంటి రెగ్యులేటర్ ఒకటి ఆ పీడనాన్ని తగ్గించి, నిలకడగా ఉంచుతుంది.

వేగం పెంచితే సరిపోదా?

రేపటి మార్కర్ అనగానే “ఇంకా వేగంగా, ఇంకా దూరంగా” అని మీకు తోచవచ్చు. తొందరపడకండి. ముందు లెక్క చూద్దాం.

చాలా ఆటస్థలాల్లో గుళిక వేగం సెకనుకు 300 అడుగులు, అంటే సుమారు 90 మీటర్లు, దాటనివ్వరు. గతిశక్తి సూత్రం మీకు తెలుసు: ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించాలి. 0.003 కిలోగ్రాముల గుళికకు అది సుమారు 12 జౌళ్లు. ఒక కిలో తూకపురాయి దాదాపు ఒకటింబావు మీటరు ఎత్తునుంచి పడితే అంత శక్తి ఉంటుంది. కంటికి తగిలితే చూపే పోవచ్చు. అందుకే ఈ ఆటలో ముఖానికి ముసుగు లేకుండా ఎవరూ మైదానంలో అడుగు పెట్టకూడదు.

ఇప్పుడు వేగాన్ని పదోవంతు పెంచి, సెకనుకు 99 మీటర్లు చేద్దాం. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 21 శాతం పెరుగుతుంది. మరి లాభం? ఊదిన బెలూన్‌ను ఎంత బలంగా విసిరినా ఎక్కువ దూరం పోదు కదా! గుళికకు కూడా గాలే అడ్డు. 90 మీటర్ల వేగం దగ్గర గాలి నిరోధం ఆ గుళిక బరువుకు సుమారు 18 రెట్లు ఉంటుంది. దాదాపు 31 మీటర్లు వెళ్లేసరికి దాని వేగం సగానికి పడిపోతుంది. మనం కష్టపడి పెంచిన ఆ పదోవంతు వేగం మొదటి నాలుగు మీటర్లలోనే హరించుకుపోతుంది! దెబ్బ అయిదోవంతు పెరిగింది, ఒరిగింది నాలుగు మీటర్లు. కాబట్టి రేపటి మార్కర్ దారి వేగం కాదు.

మరి ఏ దారి?

ఒకటి, భ్రమణం. గుళిక పైభాగం వెనక్కి తిరిగేలా వదిలితే, గాలి దాన్ని కొంచెం పైకి నెడుతుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. కాస్త వంచిన గొట్టాలతో దీన్ని ఇప్పటికే సాధించారు. గొట్టం పైగోడకు రాసుకుంటూ వచ్చే గుళిక వెనక్కి తిరుగుతూ బయటపడి, మరికొంత దూరం తిన్నగా పోతుంది. కాని గుళిక లోపల ఉన్నది ద్రవం. పైపొర తిరిగినా ద్రవం వెంటనే తిరగదు, పైగా పైపొరను వెనక్కి పట్టి ఉంచుతుంది.

రెండు, ఆకారం. వెనకవైపు చిన్న రెక్కలున్న గుళికలు ఇప్పటికే వచ్చాయి. అవి గురి తప్పకుండా ఎక్కువ దూరం పోతాయి. అయితే వేగం నిలిచి ఉంటుంది కనుక దూరాన ఉన్నవాడికి కూడా దెబ్బ గట్టిగానే తగులుతుంది. ఈ సంగతి మరవరాదు.

మూడు, తెలివి. 1990లలో విద్యుత్ కవాటాలున్న మార్కర్లు వచ్చాయి. వాటిలో కొన్నింటిలో ఒక పరారుణ కిరణం, గుళిక సరిగా కూర్చున్నదో లేదో కనిపెడుతుంది. కూర్చోకపోతే కవాటం తెరుచుకోదు. ఇదే ఆలోచనను ఇంకొక మెట్టు పైకి తీసుకుపోవచ్చు. గొట్టం చివర 9 సెంటీమీటర్ల ఎడంతో రెండు కిరణాలు అమర్చామనుకోండి. గుళిక మొదటిదాన్ని దాటి రెండోదాన్ని చేరడానికి సెకనులో వెయ్యోవంతు పడితే, వేగం సరిగ్గా 90 మీటర్లు. అంతకంటె తక్కువ సమయం పడితే వేగం మితిమీరినట్టే. అప్పుడు తరువాతి గుళికకు గాలిని మార్కరే తగ్గించుకోవాలి. ఆటగాడి ముసుగు ముఖంమీద లేనప్పుడు మీట కదలకుండా చేసే ఏర్పాటును కూడా ఊహించవచ్చు. ఈ ఆటలో ఎదుట ఉన్నవాడు మన స్నేహితుడే కదా!

చేసి చూడండి

ఒక ఉడికించిన గుడ్డునూ, ఒక పచ్చిగుడ్డునూ బల్లమీద బొంగరంలా తిప్పండి. ఏది ఎక్కువసేపు తిరిగింది? తిరుగుతున్న గుడ్డును వేలితో ఒక్క క్షణం ఆపి వదలండి. ఏది మళ్లీ కదిలింది? ద్రవం నిండిన రంగు గుళికను తిప్పడంలో ఉన్న ఇబ్బంది మీకే అర్థమవుతుంది.

ఆలోచించండి

12.7 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 గ్రాముల బరువు గల చిన్న గుళికలు కూడా ఉన్నాయి. సెకనుకు 90 మీటర్ల వేగం దగ్గర వాటి గతిశక్తి ఎంతో లెక్క కట్టండి. దెబ్బ సగం కన్నా తక్కువని తేలుతుంది. కాని అవి పెద్ద గుళికలకన్నా త్వరగా వేగం కోల్పోతాయి. ఎందుకు? ఒక చిన్న సూచన: వ్యాసం తగ్గితే గాలికి ఎదురొడ్డే వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది, బరువు ఘనాన్ని బట్టి తగ్గుతుంది.