మట్టి దుర్యోధనుణ్ని పడుకోబెట్టే పని

ఉగాది అటూ ఇటూగా పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర అయిపోతుంది. మే నెలలో కుప్పం వీధుల్లో తిరుపతి గంగమ్మ శిరస్సు ఊరేగుతుంది. ఈ జాతరల ముందూ వెనకా, కళ్లం పనులు ముగిసి, వేరుసెనగ విత్తడానికి వాన ఇంకా పడని ఆ సందులో, మదనపల్లె నుంచి కుప్పం దాకా పల్లెల్లో భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, చివరిరోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. చూడ్డానికి వచ్చేవాళ్లకు ఇదొక తిరునాళ్ల. పెట్టే ఊరికి మాత్రం నెలల తరబడి పని. ఎండాకాలంలో రాత్రంతా మేలుకుని నాటకం చూడాలంటే నేల కూడా సహకరించాలి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్నవే. పగలు ఎంత కాలినా నడిరేయి దాటితే దుప్పటి వెతుక్కోవాల్సిందే.

మొదట డబ్బు సంగతి తేలాలి. ధర్మరాజుల గుడి ముందర పెద్దలు కూర్చుంటారు. ఇంటికింత అని చందా వేస్తారు. మదనపల్లె మార్కెట్లో టమాటా ఆ నెల ఎంత పలుకుతోందో తెలుసుకోవడానికి మార్కెట్‌కే పోనక్కర్లేదు, చందా పుస్తకం చూసినా చాలు. కానీ చందాతో పద్దెనిమిది రోజులు నడవవు. అసలు బరువు మోసేది ఉభయదారులు. ద్రౌపది కల్యాణం ఒక వంశం ఉభయం, బకాసుర వధ ఒక వీధిది, అర్జున తపస్సు ఇంకో వీధిది. ఆ రోజు పూజ, పూలు, హరికథ భాగవతార్ సంభావన, నాటకం వాళ్ల భోజనం అన్నీ ఉభయదారు చూసుకోవాలి. అన్నదమ్ములు భూములు పంచుకునేటప్పుడు ఉభయాన్ని కూడా పంచుకున్న ఇళ్లున్నాయి: ఈ ఏడు పెద్దోడు, వచ్చే ఏడు చిన్నోడు. బెంగళూరులో స్థిరపడ్డవాడు డబ్బు ఫోన్లో పంపిస్తే పెద్దలు తీసుకుంటారు గానీ, "మనిషి రాడా?" అని అడక్కుండా ఉండరు. ఆ ప్రశ్నకు జడిసే సగంమంది సెలవు పెట్టి వస్తారు.

హరికథ భాగవతార్‌కూ నాటకం మేళానికీ తాంబూలం ఇచ్చి ముందే ఖాయం చేసుకోవాలి. ఎండాకాలమంతా వాళ్లు ఊరి నుంచి ఊరికి తిరుగుతూనే ఉంటారు. ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. మధ్యాహ్నం ఏ ఘట్టం దాకా కథ చెప్పారో రాత్రి ఆ ఘట్టమే ఆడాలి. ఎవరు కర్ణుణ్ని బతికిస్తానన్నా కుదరదు, రేపటి కథ ఆగిపోతుంది. కుప్పం వైపు మేళాల్లో తెలుగు, అరవం కలిసిపోయి ఉంటాయి. ఒకే పాత్ర పద్యం తెలుగులో పాడి వేళాకోళం అరవంలో ఆడినా అక్కడ ఎవరికీ వింత కాదు.

తరువాత ధ్వజారోహణం, కంకణాలు. పూజారికీ, నిప్పులు తొక్కుతామని మొక్కుకున్నవాళ్లకీ పసుపుకొమ్ము కట్టిన దారం ముంజేతికి కడతారు. కంకణం కట్టుకున్నవాడు మాంసం ముట్టడు, మంచం మీద పడుకోడు, పొలిమేర దాటి రాత్రి ఉండడు. పెళ్లిళ్ల కాలంలో ఈ చివరి నియమం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

మొదటి వారంలో ఊరంతా కలిసి చేసే పని బకాసురుడి బండి. అంతకు ముందురోజే వీధి వీధికీ చెప్పేస్తారు, ఎవరింట ఏం వండాలో. సంగటి ముద్దలు, పులిహోర, పప్పు, గారెలు. గారెలకు నడిమి చిల్లు కాస్త పెద్దది చేయాలి, దారానికి గుచ్చి భీముడి మెడలో దండ వేస్తారు కాబట్టి. ఎద్దులబండి ఉంటే ఎద్దులబండి, లేకుంటే ట్రాక్టరు ట్రాలీ. అడుగున వరిగడ్డి పరిచి, అరిటాకులు వేసి, అన్నం రాశి పోస్తారు. భీముడి వేషగాడు దాని మీద కూర్చుని ఊరేగుతూ తింటాడు. నిజంగానే తింటాడు. ప్రతి గడప ముందూ బండి ఆగాలి, ప్రతి ఇంటి ముద్దలో ఒక ముక్క నోట్లో పడాలి, మిగిలింది పిల్లలకు విసరాలి. అందుకే భీముడి వేషానికి గొంతు ఒక్కటే చూసి మనిషిని ఎంచితే చాలదు. ఏ ఇంటి సంగటి గట్టిగా ఉంది, ఎవరు ఉప్పు మరిచిపోయారు అన్నది బండి మీద నుంచే ప్రకటిస్తాడు. ఆ మాటకు ఆ ఇంటావిడ కోప్పడితే పండగ బాగా జరిగినట్టు.

రెండో పెద్ద పని తపస్సుమాను. అర్జునుడు పాశుపతం కోసం ఎక్కే మాను ఇది. నిటారుగా పెరిగిన తాటిమానో, ఈ మధ్య ఎక్కువగా నీలగిరి మానో, యాభై అరవై అడుగులది తెచ్చి బెరడు ఒలుస్తారు. చిత్రిక పట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, అడుగుకో మెట్టుగా చీలలు దిగ్గొడతారు. కొనలో ఒక మనిషి కూర్చునేంత పీట. నిలబెట్టడానికి మనిషి లోతు గుంత తీసి, దానికి ఒకవైపు వాలుగా కాలవ తవ్వుతారు. మాను మొదలు ఆ వాలులోకి జారాలి. కొనకు నాలుగు మోకులు కట్టి నాలుగు దిక్కులా మనుషులు పట్టుకుంటారు. కొందరు కవట కర్రలతో కింద నుంచి ఎత్తుతూ పోతారు. లాగేవాళ్లకంటే ఎదురుమోకు పట్టుకుని నిదానంగా వదిలేవాళ్లే ముఖ్యం. వాళ్లు పట్టు విడిస్తే మాను అవతలికి పడుతుంది. అందుకే ఎదురుమోకు కుర్రకారుకు ఇవ్వరు. నిలబడ్డాక గుంతలో రాళ్లు వేసి దిమ్మిసతో కొట్టి బిగిస్తారు. అర్జునుడు పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ వరపడతారు, అంటే సంతానం కోరి బోర్లా పడుకుంటారు. పైనుంచి నిమ్మకాయలు, బిల్వదళాలు, విభూతి విసురుతాడు. అవి ఒడిలో పడ్డవాళ్లకు సంతానం కలుగుతుందని నమ్మకం. నమ్మినా నమ్మకపోయినా, ఆ ఎత్తున రెండు మూడు గంటలు నిలబడి శ్రుతి తప్పకుండా పాడే గొంతుకు దండం పెట్టాలి.

ఉత్తర గోగ్రహణం రోజు నిజం ఆవుల్నే తోలుకొస్తారు. పుంగనూరు పొట్టి ఆవులు మందగా తిరిగిన నాడు ఆ ఘట్టం ఎట్లా ఉండేదో ఊహించుకోవలసిందే. మూడడుగుల ఎత్తు కూడా లేని ఆ జాతి ఇప్పుడు సొంత గడ్డ మీద కూడా అరుదు. దొరికిన ఆవులతోనే విరాటుడి మంద సర్దుకుంటుంది.

ఇక అసలు పని. మీరు చూడ్డానికి కాక చెయ్యి వేయడానికి రావాలనుకుంటే పదిహేనో రోజుకు రండి. పాత పంచె ఒకటి తెచ్చుకోండి.

మట్టి దుర్యోధనుడు పడుకునే చోటు ఏటా ఒక్కటే. ఆ బయలు దున్నరు, కట్టరు. ముందు తాడు లాగి, సున్నంతో మనిషి ఆకారం గీస్తారు. ముప్పై అడుగులైతే చిన్న బొమ్మ, డెబ్బై ఎనభై అయితే ఊరికి గొప్ప. వెల్లకిలా పడుకున్నట్టు, ఒక చేత గద, కాళ్లు కొంచెం ఎడంగా. తలను మాత్రం కొలతకు మించి పెద్దదిగా గీస్తారు. జనం నిలబడేది నేల మీద. పాదాల దగ్గర నిలబడ్డవాడికి కూడా మీసం కనబడాలి.

మట్టి రెండు రకాలు కావాలి. చెరువు ఒండ్రు ఒక్కటే వాడితే మే నెల ఎండకు సాయంత్రానికి నెర్రెలిస్తుంది. ఎర్రమట్టి ఒక్కటే అయితే ఆరగానే రాలిపోతుంది. రెండూ కలిపి, వరిగడ్డి తరిగి వేసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే కాళ్లతో తొక్కాలి. పొట్ట, ఛాతీ లోపల రాళ్లూ పొడిమట్టీ పోసి మెత్తుతారు. నాన్చిన మట్టి పైపొరకే. ఒకప్పుడు ఈ మెత్తడమే రెండు రోజులు పట్టేది. ఇప్పుడు జేసీబీ వచ్చి గంటలో కుప్ప పోసి పోతుంది. నాకు దాని మీద ఫిర్యాదేమీ లేదు. గంపలతో మట్టి మోసిన నడుములకే ఆ గంట విలువ తెలుసు. మెడ దగ్గర మాత్రం యంత్రం ఆగిపోవాలి. అక్కడి నుంచి పైకి చేతిపని.

మొహం కుమ్మరి చేతికో, ఊళ్లో బొమ్మలు తీర్చే చెయ్యి ఇంకెవరిదైనా ఉంటే వాళ్లకో ఇస్తారు. కళ్లకు కొబ్బరి చిప్పలో, చట్టి మూతలో బోర్లించి సున్నం కొట్టి, బొగ్గుతో నల్లగుడ్డు దిద్దుతారు. పళ్లకు తెల్లరాళ్లు. అన్నిటికంటే మొండిది ముక్కు. తడిమట్టి అంత ఎత్తున నిలవదు, జారిపోతుంది. అందుకని ముందు ఒక వేపగూటం దిగ్గొట్టి, దానికి గడ్డితాడు చుట్టి, ఆ తాడు మీద మట్టి పట్టిస్తారు. అర్ధరాత్రి దాకా ఈ తంతు సాగుతుంది. నాటకం మైకు వినబడగానే కుర్రాళ్లు జారుకోబోతారు.

"యాడికి రా అబ్బయా?"

"కర్ణుడు పడతాండాడు మామా, చూసొస్తా."

"కర్ణుడు ఏటా పడతాడు గానీ, ఈ ముక్కు నిలబెట్టి పో."

ఆరేలోగా తడి గోనెపట్టలు కప్పుతారు. కుక్కలూ మేకలూ ఎక్కకుండా పిల్లలను కాపలా పెడతారు. పిల్లలే ఎక్కితే దానికి మందు లేదు. రంగులు చివరి వేకువన. సున్నం, జాజు, పసుపు, బొగ్గుపొడి పాతవి. డిస్టెంపర్ డబ్బాలు కొత్తవి. కిరీటానికి డిస్టెంపర్ బాగుంటుంది. మీసానికి బొగ్గే బాగుంటుంది, ఎండలో మెరవదు.

ఆఖరున తొడ. కురుసభలో ద్రౌపదికి చూపిన తొడలో గుంత చేసి ఒక కుండ పెడతారు. అందులో పసుపూ సున్నమూ కలిపిన నీళ్లు. దిష్టి తీసే ఎర్రనీళ్లే ఇవీ. పసుపు సున్నంతో కలిస్తే ఎర్రబడుతుంది, వేరే రంగు కొననక్కర్లేదు. కుండ మూతి మీద అరిటాకు, ఆకు మీద పలచగా మట్టి. ఎక్కడుందో భీముడికి తెలియాలి కదా, ఆనవాలుగా ఒక మందారం పెడతారు. గద గురితప్పి కుండ పగలకపోతే ఆ వేషగాణ్ని ఊరు ఏడాదంతా ఏడిపిస్తుంది.

తెల్లవారాక నాటకం వేదిక దిగి బయలుకు వస్తుంది. భీమ దుర్యోధనులు మట్టి దేహం మీద ఎక్కి, దిగి, చుట్టూ పరుగెత్తి, తిట్టుకుని, పద్యాలు పాడుకుంటారు. ఈ పరుగులో ఎండ నడినెత్తికి వస్తుంది. తొడ పగలగానే ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది కురుసభ నాటి నుంచి విరబోసుకున్న జుట్టు ఆ తడితో ముడేసుకుంటుంది. మరుక్షణం జనం బొమ్మ మీద పడతారు. గాదెలో వేయడానికి, పొలంలో చల్లడానికి తలా పిడికెడు మట్టి. మూడు రోజుల కష్టం కాసేపట్లో గుర్తుపట్టలేని దిబ్బ అవుతుంది. చేసినవాళ్లకు దీని మీద ఏ విచారమూ ఉండదు, నేను చూసినంతలో. ఆఖరి రోజే వచ్చి ఫోన్లో పట్టుకునేవాళ్లే "అయ్యో, ఒక రోజు ఉంచొచ్చు కదా" అంటారు. తమిళనాట దేశింగురాజు ఏలిన చెంజి చుట్టుపక్కల కూడా ఈ మట్టిబొమ్మ పెడతారు. ఆ ప్రాంతపు ద్రౌపది కొలువుల మీద అమెరికన్ పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లో ఒకటి, 1991లో ఒకటి రెండు పెద్ద సంపుటాలు రాశాడు. మన పైనేల భారతాలకు అంత ఓపికగా కూర్చుని రాసేవాళ్లు ఇంకా రావాలి. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, దాని చుట్టూ ఎటు చూసినా భారతం జరిగే మిట్టలే.

అగ్నిగుండం గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిందే. పొద్దున తుమ్మ, చింత మొద్దులు పేర్చి అంటిస్తే సాయంత్రానికి కణకణలాడే నిప్పులవుతాయి. మండుతున్న కట్టె ఒక్కటి కూడా మిగలకుండా ఏరేసి, పొడుగాటి కర్రలతో నిప్పుల్ని చదునుగా పరవడమే ఇందులో నేర్పు. పైన బూడిద పొర పట్టిన బొగ్గు వేడిని నిదానంగా వదులుతుంది. ఆగకుండా నడిచిపోయే పాదానికి అదే రక్ష. ముందు పోయేవాడు ఆగితే వెనకవాడికి కాలుతుంది కాబట్టి ఒకరి వెనక ఒకరిని ఎడం పెట్టి వదులుతారు. సింగపూర్‌లో 1827లో వెలసిన మారియమ్మన్ గుడిలో దీపావళికి ముందు తొక్కే నిప్పులు కూడా ఈ ద్రౌపది పేరు మీదే.

మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం. కంకణాలు విప్పుతారు. తపస్సుమాను వేలం వేస్తారు, ఇల్లు కట్టుకునేవాడు దూలానికి పాడుకుంటాడు. గుడి అరుగు మీద లెక్కలు చదువుతారు. ఇది కూడా నాటకమే, కాకపోతే పద్యాలుండవు. జనరేటర్ డీజిల్ ఎందుకింత అయింది, భీముడి బండికి ట్రాక్టరు బాడుగ ఎవరిచ్చారు, జేసీబీ గంటా రెండు గంటలా. లెక్క తేలాక అదే పుస్తకంలో వచ్చే ఏటి ఉభయాల పేర్లు రాసుకుంటారు. బకాసుర వధకు మాత్రం ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పోటీ పడతారు.