పిట్‌కెయిర్న్: తిరుగుబాటుదారుల దీవి

దక్షిణ పసిఫిక్‌లో ఐదు చదరపు కిలోమీటర్లైనా లేని దీవి ఇది. ఒకప్పుడు పాలినేషియన్లు ఇక్కడ నివసించారు. రాతి పనిముట్లు, శిలలపై చెక్కిన బొమ్మలు వదిలి, ఐరోపావాసులు రాకముందే వెళ్లిపోయారు. 1767లో కార్టరెట్ నడిపిన బ్రిటిష్ ఓడ 'స్వాలో' నుంచి ముందుగా చూసిన కుర్ర నావికుడు రాబర్ట్ పిట్‌కెయిర్న్ పేరే దీవికి పెట్టారు.

అసలు కథ 'బౌంటీ' ఓడది. తాహితీ నుంచి సీమపనస మొక్కలను వెస్టిండీస్‌కు తీసుకెళ్తుండగా 1789 ఏప్రిల్ 28న ఫ్లెచర్ క్రిస్టియన్ నాయకత్వంలో నావికులు కెప్టెన్ బ్లైపై తిరగబడ్డారు. వారిలో తొమ్మిది మంది, తాహితీ తదితర దీవుల స్త్రీపురుషులతో కలిసి 1790 జనవరిలో పిట్‌కెయిర్న్ చేరారు. పటాల్లో దీవి స్థానం తప్పుగా ఉండటం వారికి కలిసొచ్చింది! ఆచూకీ దొరక్కుండా ఓడను తగలబెట్టారు. తిరుగుబాటుదారులు పాలినేషియన్ పురుషులను బానిసల్లా చూడటం, భూమి, స్త్రీల విషయంలో గొడవలు 1793లో హత్యలకు దారితీశాయి. క్రిస్టియన్ కూడా అప్పుడే చనిపోయాడు. 1808లో అమెరికా ఓడ 'టోపాజ్' వచ్చేసరికి తిరుగుబాటుదారుల్లో మిగిలింది జాన్ ఆడమ్స్ ఒక్కడే. రాజధాని ఆడమ్స్‌టౌన్ ఇతని పేరు మీదిదే. పిల్లలను పెంచి సమాజాన్ని నిలబెట్టిన తాహితీ స్త్రీల పేర్లు మాత్రం అంతగా వినిపించవు.

1838లో ఇక్కడి స్త్రీలకు ఓటు హక్కు దక్కింది. న్యూజిలాండ్ (1893) కంటే ఎంతో ముందే. 1856లో జనమంతా నార్‌ఫోక్ దీవికి తరలారు. కొన్ని కుటుంబాలు 1859లో, మరికొన్ని 1864లో తిరిగొచ్చాయి. నేటికీ ఇది బ్రిటన్ సముద్రాంతర భూభాగమే.