హుస్సేన్‌సాగర్‌ను చెరువుగా చూద్దాం

ప్రతి సంవత్సరం హాస్టలుకు కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు నన్నడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, హైదరాబాదులో ఒక్కరోజులో ఏమేం చూడొచ్చు?" చార్మినార్, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం అని జాబితా చెప్పి పంపించటం తేలికే. ఆ జాబితా ఏ బస్సు కండక్టరైనా చెబుతాడు. భూగోళశాస్త్ర విద్యార్థిగా నేను చెప్పేది వేరు. ఒక్కరోజే చేతిలో వుంటే హుస్సేన్‌సాగర్ చుట్టూ తిరిగి రండి. అయితే మీ వూరి చెరువును చూసినట్టు చూడండి.

మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. చెరువంటే ఏమిటో మనకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నీళ్ళు తెచ్చే వాగులు, నీళ్ళను ఆపే కట్ట, ఎక్కువైన నీళ్ళు పోయే అలుగు, వానాకాలం మునిగి ఎండాకాలం తేలే శిఖం భూమి, కట్టను కాచే మైసమ్మ — ఇవన్నీ వుంటేనే చెరువు. హుస్సేన్‌సాగర్‌కూ ఇవన్నీ వున్నాయి. యాత్రికులు చూడటానికి వచ్చే వింతలు చాలావరకు ఈ భాగాల మీదనే వెలిశాయి.

ముందుగా నాలుగు ముక్కలు చరిత్ర. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ చెరువు తయారైంది. ఆయన పేరే దీనికి నిలిచింది. మూసీ నుంచి బల్కాపూర్ కాలువ ద్వారా కూడా దీనికి నీళ్ళు తెచ్చారు. చార్మినార్ కట్టింది 1591లో. అంటే హైదరాబాదు నగరం కంటే చెరువే దాదాపు ముప్ఫయ్యేళ్ళు పెద్దది! ఆ తరువాత 1806లో ఉత్తరాన వున్న దండు ప్రాంతానికి నిజాం సికందర్ జా పేరుమీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు. అట్లా జంటనగరాలకు నడుమ చెరువు మిగిలింది.

కట్ట

ఉదయాన్నే రాణీగంజ్ కొస నుంచి నడక మొదలుపెట్టండి. మనం ట్యాంక్‌బండ్ అంటున్నది అచ్చంగా చెరువుకట్టే. దానిమీది రోడ్డును 1946 ప్రాంతంలో, సర్ మీర్జా ఇస్మాయిల్ దివానుగా వున్నప్పుడు, వెడల్పు చేశారు. నడుస్తూ వుంటే కుడిచేతి వైపు నీళ్ళు, ఎడమచేతి వైపు పల్లం. ఒకచోట ఆగి రెండువైపులా చూడండి. ఎడమవైపు ఇళ్ళు, రోడ్లు ఎంత కిందున్నాయో కంటికి కనబడుతుంది. పుస్తకంలో ఎన్ని పటాలు గీసినా తెలియనిది ఇక్కడ ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

కట్టమీది విగ్రహాలు 1986లో వెలిశాయి. నన్నయ, పోతన, మొల్ల, వేమన, శ్రీశ్రీ, జాషువ, మఖ్దూం — తెలుగు పాఠ్యపుస్తకమంతా అక్కడే నిలబడి వుంటుంది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ సందర్భంలో వీటిలో కొన్ని ధ్వంసమయ్యాయి. తరువాత మళ్ళీ నిలబెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కూడా వీరిలో వున్నాడు. నీళ్ళను ఆపి నిలబెట్టిన మనిషి చెరువుకట్ట మీద వుండటం నాకెంతో సబబుగా తోస్తుంది.

మైసమ్మ, అలుగు

మెట్లు దిగి కిందికి రండి. లోయర్ ట్యాంక్‌బండ్‌లో కట్టమైసమ్మ గుడి వుంది. బోనాలనాడు ఇక్కడి జనాన్ని చూడాలి! మా వూళ్ళో చెరువు నిండితే కట్టమైసమ్మకు కోడిని కోస్తారు. ఇంత మహానగరంలోనూ ఆ తల్లి తన స్థానంలోనే వుంది.

కట్టకు అలుగు కూడా వుంది. చెరువు పూర్తి మట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. అది దాటిన నీరు నాలాగా దోమల్‌గూడ, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్‌ల పక్కగా పోయి మూసీలో కలుస్తుంది. వూళ్ళో అయితే అలుగు వాగులో ఎవడూ ఇల్లు కట్టడు. ఇక్కడ నాలాను ఆనుకుని గోడలు లేచాయి. 2000 ఆగస్టులో కుండపోత వాన కురిసినప్పుడు ఈ పల్లపు బస్తీలలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. 2020 అక్టోబరులో నగరం మళ్ళీ మునిగింది. నాలా మీది వంతెనపై నిలబడి దాని వెడల్పును కళ్ళతో కొలవండి. ఎందుకు మునిగిందో వేరే చెప్పనక్కర్లేదు.

నీళ్ళ నడుమ

ఇక మళ్ళీ కట్టెక్కి లుంబినీ పార్కు చేరితే, పడవలో బుద్ధవిగ్రహం దగ్గరికి పోవచ్చు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే శిలలో చెక్కిన విగ్రహమిది. బరువు సుమారు 350 టన్నులు. 1990 మార్చి 10న తరలిస్తుండగా బల్లకట్టు ఒరిగి విగ్రహం నీళ్ళపాలైంది, పనివాళ్ళు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా అడుగున పడివుండి, 1992 డిసెంబరు 1న పైకి లేచి నిలబడింది. ఫోటోలు దిగేటప్పుడు ఆ పనివాళ్ళను ఒక్కసారి తలచుకోవటం మన ధర్మం.

శిఖం

ఒడ్డుకు వచ్చాక నెక్లెస్ రోడ్డు పట్టండి. ఈ రోడ్డూ, పక్కనున్న తోటలూ చాలావరకు శిఖం వైపు వచ్చినవే. దారిలో 2023 జూన్‌లో ప్రారంభమైన తెలంగాణ అమరుల స్మారకం, దగ్గరలోనే 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, అదే నెలలో తెరిచిన కొత్త సచివాలయం కనబడతాయి. సంజీవయ్య పార్కు దాకా పోతే కాళ్ళకు కాస్త చెట్టునీడ దొరుకుతుంది. అలసిపోతే ఎం.ఎం.టి.ఎస్. రైలు వుంది.

ఈ దారిలోనే ముక్కుకు కూడా పని చెప్పండి. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా — ఇవి ఒకనాటి వాన వాగులు. బస్తీల మురుగు, బాలానగర్ వైపు ఫ్యాక్టరీల వ్యర్థాలు వీటిలో కలిశాయి. మురుగును మళ్ళించటానికి, శుద్ధి చేయటానికి కేంద్రాలు కట్టారు. అయినా ఎండాకాలంలో గాలి ఇటు తిరిగితే సంగతి తెలిసిపోతుంది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తాగటానికి ఈ చెరువు నీళ్ళు అక్కరలేకపోయిన తరువాత దీన్ని చూసే చూపే మారిందని నా అభిప్రాయం. తాగే నీళ్ళలో ఎవరు చెత్త వేస్తారు చెప్పండి?

నౌబత్ పహాడ్

సాయంత్రానికి నౌబత్ పహాడ్ ఎక్కండి. 1976లో పూర్తయిన పాలరాతి బిర్లా మందిరం అక్కడే, 1985లో తెరిచిన ప్లానెటోరియం పక్కనే. పైనుంచి చూస్తే పొద్దుటి నుంచి మీరు ముక్కలుగా చూసినదంతా ఒక్కచోట కనబడుతుంది: అటు కట్ట, దాని వెనుక పల్లం, ఇటు శిఖం మీది రోడ్డు, నడుమ నీళ్ళు. దీపాలు వెలిగేదాకా ఆగండి, తొందరపడి దిగిపోకండి.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ప్రతి సంవత్సరం వానలు వెలిసిన తరువాత ఒక ఆదివారం కొత్త విద్యార్థులను ఈ దారిన నడిపిద్దాం. ఒక నోటుపుస్తకంలో ఆ రోజు అలుగు దగ్గర నీటి మట్టం, ఒక్కొక్క నాలా నీళ్ళ రంగు, శిఖంలో కొత్తగా లేచిన కట్టడాలు రాసిపెట్టి ఈ సంచికలో అచ్చువేద్దాం. ఖర్చు బస్సు చార్జీలూ, టీ డబ్బులే. పదేళ్ళ సంచికలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ చెరువు ఎటుపోతున్నదో చెప్పగల కాగితం ఒకటి మన కాలేజీలో వుంటుంది.