బీప్ వచ్చింది, ఇంజను తిరగలేదు

ట్రిపుల్ ఈ వాళ్ల ఇళ్లలో ఒక ప్రమాదం ఉంది. అబ్బాయి థర్డ్ ఇయర్‌కి వచ్చాడంటే ఫ్యాను ఆగినా, నీళ్ల మోటారు ఆగినా వాడినే పిలుస్తారు. వాడు కూడా పెద్ద ఇంజనీరులా మీటరు పట్టుకుని వచ్చేస్తాడు. అలా నా మాట నమ్మి మా నాన్న 4,200 రూపాయలు పోగొట్టుకున్నారు. అదెలా జరిగిందో చెబుతాను, కనీసం మీ ఇంట్లో జరక్కుండా ఉంటుంది.

నాన్న తణుకులో కారు కిరాయికి తిప్పుతారు. పాత చిన్న కారు. క్లచ్‌కీ యాక్సిలరేటర్‌కీ ఇంకా స్టీలు కేబుళ్లే. దసరా సెలవులకి నేను వెళ్లేసరికి క్లచ్ ప్లేటు మార్పించి రెండు రోజులైంది. అంటే గేర్ బాక్స్ దింపి మళ్లీ ఎక్కించారన్నమాట. అప్పటి నుంచి సెల్ఫ్ కొడితే ఇంజను మూలుగుతూ తిరుగుతోంది. మూడుసార్లు కొడితే ఒకసారి అందుకుంటోంది.

"ఏంట్రా ఇది, కాస్త చూడు" అన్నారు.

మీటరుని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజను మీద ఆనించాను. బీప్ వచ్చింది. "ఎర్త్ బాగానే ఉంది నాన్నా, బ్యాటరీయే అయిపోయినట్టుంది" అన్నాను. మూడేళ్ల బ్యాటరీ కాబట్టి ఆయనా నమ్మారు. పాతది ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేసి కొత్తది వేయించారు. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే మూలుగు.

ఈసారి మెకానిక్ బాబాయ్ వచ్చి, ఇంజను ఆన్‌లో ఉండగా బ్యాటరీ మీద మీటరు పెట్టాడు. 12.9 చూపించింది. ఛార్జింగ్ సరిగ్గా ఉంటే అక్కడ 13.8 నుంచి 14.4 దాకా రావాలి. "డైనమో పోయింది, ఆరు వేలవుతుంది" అన్నాడు. (ఆల్టర్నేటర్‌ని మా వైపు ఇప్పటికీ డైనమో అనే అంటారు.) ఎల్లుండి తెల్లవారుజామున కొత్త దంపతుల్ని అన్నవరం వ్రతానికి తీసుకెళ్లాలి. అడ్వాన్సు కూడా తీసేసుకున్నారు. ఉన్న డబ్బు బ్యాటరీకి పోయింది. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే రెండు సంగతులు తట్టాయి. ఒకటి, సెల్ఫ్ కొట్టినప్పుడు హెడ్‌లైట్లు పెద్దగా డిమ్ అవ్వట్లేదు. బ్యాటరీలో దమ్ము లేకపోతే లైట్లు కూడా పడిపోవాలి కదా! లైట్లకి ఎర్త్ కారు బాడీ. సెల్ఫ్ మోటారుకి ఎర్త్ ఇంజను. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే బాడీ నుంచి ఇంజనుకో గేర్ బాక్స్‌కో అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. గేర్ బాక్స్ దింపాలంటే ఆ పట్టీ విప్పక తప్పదు.

రెండోది నాన్న మాటల్లో దొర్లింది. "క్లచ్ పట్టేసినట్టు ఉందిరా. బానెట్ ఎత్తి ముట్టుకుంటే కేబుల్ చెయ్యి కాల్చింది." ఇంజను వేడి అనుకున్నారాయన. పట్టీ లేకపోతే అంత కరెంటు వెనక్కి ఏ దారిన వస్తుంది? ఇంజనుకీ బాడీకీ మధ్య మిగిలిన ఇనుము ఆ కేబుళ్లే. నాకు నిద్ర పట్టలేదు. కేబుల్ లోపలి ప్లాస్టిక్ తొడుగు కరిగి, యాక్సిలరేటర్ తొక్కింది తొక్కినట్టే ఇరుక్కుపోతే? వెనక సీట్లో కొత్త దంపతులు.

మరి నాకు బీప్ ఎందుకొచ్చింది? ఆ మోడ్‌లో మీటరు పంపేది మిల్లీ ఆంపియర్ అటూ ఇటూ. చాలా మీటర్లు 30 ఓములున్నా బీప్ కొట్టేస్తాయి. పోనీ ఓముల్లో కొలిచినా లాభం లేదు, ప్రోబు వైర్లకే 0.3 దాకా ఉంటుంది. 0.09 ఓము అందులో ఎక్కడ కనబడుతుంది? కానీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ 0.09లోంచి 60 ఆంపియర్లు పోయాయనుకోండి, 5.4 వోల్టులు అక్కడే మాయం. ఓమ్స్ లా మనం ఎన్ని ఇంటర్నల్స్‌లో రాశాం! కరెంటు పారుతున్నప్పుడే కొలవాలని మాత్రం తట్టలేదు.

పొద్దున్నే మొదలుపెట్టాం. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి. ఇంజను అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకేశాం. మీటరు 20 వోల్టుల డీసీ రేంజిలో. ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ పోస్టు మీదే పెట్టాలి, దాని క్లాంపు మీద కాదు. రెండోది ఇంజను మీద పెయింటు లేని చోట. నాన్న ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టారు. 5.4! అక్కడ 0.5 దాటితేనే అనుమానించాలి, మంచి ఎర్త్ అయితే 0.2 లోపే ఉంటుంది. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు లావు టెర్మినల్‌కి 0.3, బాగుంది. బ్యాటరీ మీద 11.8. లెక్క వేస్తే మోటారుకి అందుతున్నది 6.1. మూలక్క ఏం చేస్తుంది పాపం.

మీటరు లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను మీది బోల్టుకి తగిలించి సెల్ఫ్ కొట్టండి. మేము ఫ్యూజు మళ్లీ పెట్టి అలా చేస్తే ఒక్క దెబ్బకి అందుకుంది. డైనమో సంగతీ తేలింది. దాని ఎర్త్ కూడా ఇంజనే కదా. జంపర్ తీసేసి దాని టెర్మినల్‌కీ దాని ఒంటికీ మధ్య కొలిస్తే 14.1, బ్యాటరీ దగ్గరికొస్తే 12.9. దారిలో 1.2 పోతోంది. డైనమో శుభ్రంగా ఉంది.

పట్టీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింద వేలాడుతూ దొరికింది. రెండు వైపులా ఎమెరీ పేపరుతో రుద్ది, 12 నంబరు పానాతో బిగిస్తే 5.4 కాస్తా 0.1 అయింది. బ్యాటరీ మీద 14.1.

డెంటింగ్, పెయింటింగ్ అయ్యాక వచ్చే తిక్క వేషాలు కూడా ఇంతే. ఎర్త్ బోల్టు కింద పెయింటు పడితే వెనక లైటు కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటుంది. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు మినుకుమంటుంది. బల్బులు మార్చకండి, బోల్టు విప్పి గీకండి. స్టీరియో పెట్టించాక రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతే మాత్రం లెక్క వేరు. బండి ఆపి, మైనస్ వైరు విప్పి, మధ్యలో మీటరుని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి అరగంట ఆగాక చూడండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఏదో లాగుతున్నట్టే. ఆ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు టప్ మంటుంది. మా ల్యాబ్ అసిస్టెంట్ గారికి ఆ శబ్దం బాగా తెలుసు.

మెకానిక్ బాబాయ్‌తో నేనే మాట్లాడతానని బయల్దేరబోతే నాన్న ఆపారు. "పదేళ్ల నుంచి చూస్తున్నాడు మన బండి. నువ్వుండు." సాయంత్రం ఆయనే వచ్చి పట్టీ చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కరిగిపోయిన క్లచ్ కేబుల్ విప్పి కొత్తది వేశాడు, కూలి తీసుకోలేదు. చేతులు తుడుచుకుని, ఆ పట్టీ బోల్టు మళ్లీ తనే వదులు చేశాడు.

"ఆ 5.4 ఎలా పట్టావో ఇంకోసారి చూపించరా అబ్బాయ్."