నలుగురం, ఎనిమిది చెరువులు, ఒకే నోటుబుక్కు: చేపల మేతలో అజొల్లా నిజంగా గిడుతుందా?

మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఆకివీడు దగ్గర పల్లె. అగ్రికల్చర్ డిప్లొమా చేశాను. రెండు చేపల చెరువులు చూసుకుంటూ, పక్కన అజొల్లా పెంచి, ఎండబెట్టి అమ్ముతున్నాను. అంటే అజొల్లా గొప్పదని మీరు నమ్మితే లాభం నాకే. అందుకే ఈ పాఠంలో నా మాట కంటే లెక్కని ఎక్కువ చూడండి.

ముందు నా తప్పు చెప్తాను. మూడేళ్ల కిందట రెండు రోజులు ముసురు పట్టింది. చేప మేత సరిగ్గా తినలేదు. నేను మాత్రం రోజూలాగే సంచులు నింపి కర్రలకి కట్టించాను. మూడో రోజు తెల్లవారుజామున శీలావతి, బొచ్చె అన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఏరేటర్ వేసేలోపే చాలా చేప పోయింది. ఎండ లేకపోతే నీటిలోని నాచు ఆక్సిజన్ సరిగ్గా తయారు చేయదు. రాత్రంతా చేప, నాచు, అడుగున కుళ్లే మేత అన్నీ ఉన్న ఆక్సిజన్‌నే వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది.

మిగిలిన మేతే కాదు, తిన్న మేత కూడా అంతా ఒంటికి పట్టదు. మా మేత 80 కిలోల నూనె తీసిన తవుడు, 20 కిలోల వేరుశనగ చెక్క. తవుడులో మాంసకృత్తులు సుమారు 15 శాతం, చెక్కలో 45 శాతం. 12 కిలోలు, 9 కిలోలు కలిపితే 100 కిలోల మేతలో 21 కిలోలు. మాంసకృత్తుల్లో నత్రజని 16 శాతం, అంటే 3.36 కిలోలు. అందులో చేప ఒంటికి పట్టేది మహా అయితే మూడో వంతు. మిగతా 2 కిలోల పైచిలుకు నీటిలోకి, బురదలోకి పోతుంది. మేత దండగైతే డబ్బూ పోతుంది, నీళ్లూ పాడవుతాయి.

ఈ లెక్క చెప్పి మా బాబాయిని, ఇంకో ఇద్దరు రైతులని కూర్చోబెట్టాను. మేతలో అజొల్లా కలిపి చూద్దామన్నాను. "ఒరేయ్, నీ చెరువులో బాగా పెరిగితే అది అజొల్లా వల్లా, నీ కాలవ నీళ్ల వల్లా? ఎలా తెలుస్తుంది?" అన్నాడు బాబాయి. అసలు పరిశోధన అక్కడే మొదలైంది.

పెద్ద సంస్థలు చేసేదీ ఇదే. జయంతి రోహు తెలుసు కదా, మన శీలావతిలో మేలు రకం. 1992లో ఒడిశా కౌసల్యగంగలోని సీఫా సంస్థ, నార్వేకి చెందిన అక్వాఫోర్స్క్ కలిసి ఆ పని మొదలుపెట్టాయి. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపలు తెచ్చారు. పిల్లలకి గుర్తులు పెట్టి, వేర్వేరు కుటుంబాలవి ఒకే చెరువులో పెంచారు. నీళ్లు, మేత ఒకటే కాబట్టి పెరుగుదలలో తేడా జాతిలోదేనని తేలింది. మిగతావన్నీ సమానంగా ఉంచి, ఒక్కటే మార్చి చూడాలి. సూత్రం అంతే.

మేమూ అలాగే చేశాం. ఒక్కో రైతుకి పక్కపక్కన రెండు చెరువులు, ఒకే నీళ్లు, ఒకే పిల్ల, ఎకరాకి ఒకే లెక్క. ఒకదాంట్లో పాత మేత, రెండోదాంట్లో అజొల్లా మేత. పదిహేను రోజులకోసారి విసురు వలతో 50 చేపలు పట్టి తూచడం. అన్నీ ఒకే నోటుబుక్కులో రాయడం.

ఇంకో ఒప్పందం కూడా పెట్టుకున్నాం. అజొల్లా చెరువులో ఆదాయం తగ్గితే ఆ నష్టం నలుగురం పంచుకోవాలి. ఇది లేకపోతే నష్టపోయినవాడు నిజం రాయడు, రెండోసారి రాడు.

మొదటి విడతలో బోల్తా పడ్డాం. 10 కిలోల చెక్క తీసేసి 10 కిలోల ఎండు అజొల్లా వేశాం. మూడు చోట్ల పెరుగుదల తగ్గింది, ఒకచోట సమానం. కారణం నోటుబుక్కులోనే ఉంది. ఎండు అజొల్లాలో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతమే. చెక్కలో అందుకు రెట్టింపు. బరువుకి బరువు మార్చాం, బలానికి బలం మార్చలేదు. నష్టం పంచుకున్నాం. అప్పుడు అందరికంటే ఎక్కువ సిగ్గుపడింది నేనే.

రెండో విడతలో చెక్క ముట్టుకోకుండా 10 కిలోల తవుడు బదులు అజొల్లా వేశాం. పెరుగుదల రెండు వైపులా ఇంచుమించు సమానం. కానీ ఖర్చు చూస్తే నేను అమ్మే రేటుకి కొన్నవాళ్లకి తవుడే చవక. సొంతంగా పెంచుకున్న బాబాయికి మాత్రమే గిట్టింది.

సొంతంగా పెంచాలన్నా లెక్క చూసుకోండి. పచ్చి అజొల్లాలో 94 శాతం నీళ్లే. 10 కిలోల ఎండుదానికి పచ్చిది 160 కిలోలకి పైనే కావాలి. చదరపు మీటరుకి రోజుకి 200 గ్రాములు వస్తుందనుకుంటే 800 చదరపు మీటర్లు, అంటే 20 సెంట్ల మడి. రోజుకి 100 కిలోల మేతకి ఇంత!

మరి లాభం ఎక్కడ వచ్చింది? రోజూ రాయాలి కాబట్టి సంచి నింపేముందు నిన్నటిది ఎంత మిగిలిందో చూడటం మొదలుపెట్టాం. మిగిలితే తగ్గించాం, ముసురు రోజున ఆపేశాం. ఎనిమిది చెరువుల్లోనూ మేత ఖర్చు తగ్గింది, పాత మేత వేసిన వాటిలో కూడా.

మీరు చేయాలంటే:

1. నలుగురు కలవండి. ప్రతి ఒక్కరికీ పాత పద్ధతి చెరువు ఒకటి ఉండి తీరాలి.
2. ఒక్కటే మార్చండి. మేత, పిల్ల రెండూ ఒకేసారి మారిస్తే ఏదీ తేలదు.
3. వేసిన మేతని పెరిగిన బరువుతో భాగించండి. 3,000 కిలోల మేతకి 1,200 కిలోలు పెరిగితే 2.5. ఇది ఎంత తగ్గితే అంత మంచిది. చచ్చిన చేపనీ రాయండి.
4. నష్టం పంచుకునే మాట ముందే అనుకోండి.
5. మన దగ్గరైతే ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది. నోటుబుక్కు పట్టుకెళ్లి అడగండి. ఉత్త చేతులతో అడిగిన ప్రశ్నకీ, లెక్క చూపించి అడిగిన ప్రశ్నకీ జవాబులో తేడా ఉంటుంది.

ఇప్పుడు నేను చేపల రైతులకి అజొల్లా అమ్మడం మానేశాను. కోళ్లకీ, పశువులకీ అడిగినవాళ్లకే ఇస్తున్నాను. వ్యాపారం కొంచెం తగ్గింది. అయినా బాబాయి ఎదురుగా కూర్చుని ఆ నోటుబుక్కు తెరిచి మాట్లాడగలుగుతున్నాను. సంచి చూడటం, వల వేసి తూచడం వీడియోలో చూపించాను. చూసి, ముందు మీ చెరువులో రేపు పొద్దున ఎంత మేత మిగిలిందో రాసుకోండి.